అమ్మ ఊళ్ళో ఒక్కతే ఉంటోంది... ఇది ధర్మమేనా?



మన వయసు వాళ్ళలో చాలామందికి ఈ ప్రశ్న ఎప్పుడో ఒకప్పుడు ఎదురవుతుంది. మనం హైదరాబాద్‌లోనో, బెంగళూరులోనో, డల్లాస్‌లోనో ఉంటాం. ఊళ్ళో అమ్మమ్మో, నాన్నమ్మో, కొందరికైతే అమ్మో నాన్నో ఒక్కళ్ళే ఉంటారు. రమ్మంటే రారు. వచ్చినా పదిహేను రోజులు దాటేసరికి "నా ఇంటికి నన్ను పంపించేయండి" అంటారు. పంపిస్తే చుట్టాలు "ముసలావిణ్ణి ఒంటరిగా వదిలేశారు" అంటారు. బలవంతంగా ఉంచుకుంటే ఆవిడ ముఖంలో కళ ఉండదు.

దీనికి మన చుట్టూ రెండు సమాధానాలు వినిపిస్తాయి. తల్లిదండ్రుల్ని దగ్గర పెట్టుకోకపోతే పాపం అనేది ఒకటి. ఎవరి జీవితం వాళ్ళది, వాళ్ళు అక్కడ హ్యాపీగానే ఉన్నారు అనేది రెండోది. మొదటి సమాధానంలో ఆవిడ ఇష్టానికి చోటు లేదు. రెండో సమాధానంలో మన బాధ్యతకి చోటు లేదు. అందుకే రెండూ మనసుకి పూర్తిగా ఎక్కవు.

ఈ ప్రశ్న కొత్తదేం కాదు. మహాభారతంలో దీని కోసం దాదాపు ఒక పర్వమే ఉంది. పదిహేనోది, ఆశ్రమవాసిక పర్వం. యుద్ధం అయిపోయాక కథ అయిపోయినట్టే అనుకుని చాలామంది దీన్ని దాటేస్తారు. తెలుగులో తిక్కన గారు విరాటపర్వం నుంచి చివరిదాకా రాసిన పదిహేను పర్వాల్లో ఇదీ ఒకటి. ఈ రోజు దీన్ని పట్టుకుని మాట్లాడుకుందాం.

రాజభవనంలో ఒంటరివాడు

యుద్ధం తర్వాత ధృతరాష్ట్రుడు పదిహేనేళ్ళు ధర్మరాజు దగ్గరే ఉన్నాడు. ఏ లోటూ లేదు. తిండి, బట్ట, సేవకులు, వైద్యం, దానధర్మాలకి డబ్బు, అన్నీ ఉన్నాయి. పెదనాన్నకి ఎవరూ కష్టం కలిగించకూడదని ధర్మరాజు తమ్ముళ్ళకి గట్టిగా చెప్పాడు కూడా. ఇప్పటి భాషలో చెప్పాలంటే, మంచి ఇల్లు, అటాచ్డ్ బాత్‌రూమ్, కేర్‌టేకర్, అన్నీ ఇచ్చిన కొడుకు లాంటివాడు ధర్మరాజు.

కానీ భీముడు? అన్న వినకుండా, ఆ ముసలాయనకీ గాంధారికీ వినపడేలా, దుర్యోధనుణ్ణి చంపింది ఈ చేతులే అని భుజాలు చరుచుకుంటూ మాట్లాడేవాడు. ధృతరాష్ట్రుడు ఎవరికీ చెప్పలేదు. లోలోపలే కుంగిపోయాడు. రహస్యంగా భోజనం తగ్గించేశాడు, నేల మీద పడుకునేవాడు. ఆ సంగతి గాంధారికి ఒక్కదానికే తెలుసు. అంత పెద్ద భవనంలో, అంతమంది మధ్యలో, ఆయన తిండి మానేసినా పట్టించుకున్నవాళ్ళు లేరు!

ధృతరాష్ట్రుడు చేసిన తప్పులు తక్కువేం కాదు, భీముడి కోపానికి కారణం లేకపోలేదు. అయినా వ్యాసులవారు మనకి ఒక విషయం చూపించారు. దగ్గర ఉండటం, కలిసి ఉండటం ఒకటి కాదు. మన ఫ్లాట్‌లో మూడో బెడ్‌రూమ్‌లో టీవీ చూస్తూ కూర్చున్న అమ్మమ్మ కూడా ఒంటరిగా ఉండొచ్చు. మనం ఉదయం తొమ్మిదికి వెళ్ళి రాత్రి తొమ్మిదికి వస్తాం. పిల్లలు స్కూల్‌కి పోతారు. పక్క ఫ్లాట్ వాళ్ళ భాష ఆవిడకి రాదు. కిచెన్‌లో ఏ డబ్బా ఎక్కడుందో తెలీదు. ఆవిడ "దగ్గర" ఉంది, అంతే.

అడవిలో నిండుగా ఉన్న మనిషి

చివరికి ధృతరాష్ట్రుడు అడవికి వెళ్తానంటాడు. ధర్మరాజు ఒప్పుకోడు. అప్పుడు వ్యాసుడే వచ్చి, వెళ్ళనివ్వు అని నచ్చజెప్పాలి. పెద్దవాళ్ళ నిర్ణయాన్ని ప్రేమతోనే అయినా అడ్డుకోవడం అన్నిసార్లూ ధర్మం కాదు అని అక్కడ తేలిపోతుంది.

అసలు ఆశ్చర్యం తర్వాత వస్తుంది. ధృతరాష్ట్రుడు గాంధారి భుజం మీద చెయ్యి వేస్తాడు. కళ్ళకి గంతలు కట్టుకున్న గాంధారి కుంతి భుజం మీద చెయ్యి వేస్తుంది. ముందు నడిచేది కుంతి. సాగనంపడానికి వచ్చిందనుకుంటే ఆవిడ వెనక్కి తిరగదు! కొడుకులు బతిమాలతారు. ఇప్పుడేగా సుఖపడే రోజులు వచ్చాయి, ఇప్పుడెందుకు వెళ్ళిపోతావని భీముడు కూడా అడుగుతాడు. కుంతి మాట స్పష్టంగా ఉంటుంది. మీరు దీనంగా బతకకూడదని యుద్ధానికి పురికొల్పాను. రాజ్యసుఖం నా భర్త ఉన్నప్పుడే చూశాను. కొడుకులు గెలిచిన రాజ్యంలో కూర్చుని అనుభవించాలని నాకు లేదు. ఈ పెద్దవాళ్ళకి సేవ చేసుకుంటాను. స్థూలంగా ఇదీ ఆవిడ చెప్పింది.

ఇక్కడ ఆగి చూడండి. కుంతి ఇల్లు వదిలింది, కొడుకుల్ని వదిలింది, సౌకర్యాల్ని వదిలింది. పనిని మాత్రం వదల్లేదు. ఆవిడ భుజం ఇద్దరికి ఆసరా. రేపు పొద్దున ఆవిడ లేవకపోతే ఇద్దరు ముసలివాళ్ళు అడుగు కదపలేరు.

రాజభవనంలో ధృతరాష్ట్రుడి అవసరం ఎవరికీ లేదు. అడవిలో కుంతి అవసరం ఇద్దరికి ఉంది. ఒంటరితనానికీ ఏకాంతానికీ ఉన్న తేడా నాకు ఇక్కడే దొరికింది. చుట్టూ ఎంతమంది ఉన్నారు అనేదాని కంటే, మన చేతి నుంచి ఎవరికైనా ఏదైనా అందుతోందా అనేది ముఖ్యం.

వానప్రస్థం అంటే రిటైర్మెంట్ కాదు

వానప్రస్థం అనగానే అన్నీ వదిలేసి మూలన కూర్చుని జపం చేసుకోవడం అనుకుంటాం. మనుస్మృతి ఆరో అధ్యాయం అలా చెప్పదు. జుట్టు నెరిసి, ఒళ్ళు ముడతలు పడి, మనవడు పుట్టాక గృహస్థు అడవికి వెళ్ళొచ్చు అంటుంది. వెళ్ళాక కూడా పంచ మహాయజ్ఞాలు మానకూడదంటుంది. అడవిలో దొరికే దుంపలు, పండ్లతోనే అయినా సరే, గుమ్మంలోకి వచ్చిన అతిథికి పెట్టాలి.

ఈ ఐదు యజ్ఞాల్నీ ఇప్పటి ఒక పెద్దావిడ రోజులో పెట్టి చూద్దాం.

- బ్రహ్మయజ్ఞం: చదవడం, చదివించడం. సాయంత్రం పక్కింటి పిల్లలకి ఎక్కాలు చెప్పినా, వాట్సాప్ కాల్‌లో మనవరాలికి ఒక పద్యం నేర్పినా ఇదే.
- దేవయజ్ఞం: దీపం, పూజ. రోజుకి ఒక టైమ్ ఇచ్చేది ఇదే. పొద్దున లేవడానికి కారణం ఉన్న మనిషి ఆరోగ్యమే వేరు.
- పితృయజ్ఞం: పెద్దల్ని తలుచుకోవడం. మన ఇంటి కథలు, ఎవరు ఎక్కణ్ణుంచి వచ్చారు, ఏ పొలం ఎలా పోయింది, అన్నీ ఆవిడ దగ్గరే ఉన్నాయి. మనం అడిగితేనే బయటికొస్తాయి.
- భూతయజ్ఞం: తులసికి నీళ్ళు, పిచ్చుకలకి గింజలు, ఆవుకి ఇంత తవుడు.
- మనుష్యయజ్ఞం: ఆ ఇంట్లో ఆవిడ కాకుండా ఇంకొకళ్ళు ఒక కాఫీ తాగడం, ఒక ముద్ద తినడం.

ఒక్కసారి గమనించండి, ఐదూ బయటికి ఇచ్చేవే. ఒక్కటి కూడా తీసుకునేది కాదు. ఒక్కళ్ళే ఉండే మనిషి చుట్టూ రోజూ ఐదు దారాలు కట్టి ఉంచే ఏర్పాటు ఇది.

మా అమ్మమ్మ సంగతి చెప్తాను. తెనాలి దగ్గర ఒక పల్లెటూళ్ళో ఒక్కతే ఉంటుంది. డెబ్భై ఎనిమిదేళ్ళు. రోజూ పొద్దున్నే దొడ్లో నందివర్ధనాలు, మందారాలు కోసి మాల కట్టి ఏడింటికల్లా రామాలయానికి పంపుతుంది. ఒకసారి జ్వరం వచ్చి లేవలేకపోయింది. ఫోన్ ఛార్జింగ్ కూడా అయిపోయింది. హైదరాబాద్‌లో ఉన్న మాకెవరికీ తెలీదు. ఏడున్నరకి పూజారి గారి అబ్బాయి వచ్చి తలుపు తట్టాడు, "మామ్మగారూ, పూలు రాలేదేంటండీ?" అని. ఎనిమిదికి ఆర్‌ఎంపీ గారు వచ్చారు. మాకు ఫోన్ వచ్చేసరికి ఆవిడ మందు వేసుకుని, గంజి తాగి కూర్చుంది.

నేను అంతకు ముందే ఆవిడకి స్మార్ట్ వాచ్ కొందామని రివ్యూలు చూస్తున్నాను. ఆ వాచ్ పనికిరాదని అనను. కానీ ఆ రోజు ఆవిణ్ణి కాపాడింది పూలమాల. ఎవరికైనా రోజూ ఏదో ఇస్తూ ఉండేవాళ్ళు, ఇవ్వని రోజున వెంటనే గుర్తొస్తారు. ఎవరి అవసరమూ లేని మనిషి కనిపించకపోతే నాలుగు రోజుల దాకా ఎవరికీ తెలీదు. సేవ అనేది పుణ్యం కోసమే అనుకుంటాం గానీ, ఒక్కళ్ళే ఉండే మనిషికి అదే పెద్ద రక్షణ.

శరీరం కూడా ధర్మసాధనమే

మనసు గురించి చెప్పి ఒంటి సంగతి వదిలేస్తే సగమే చెప్పినట్టు. గీత ఆరో అధ్యాయంలో కృష్ణుడు ఎక్కువ తినేవాడికీ, అసలు తిననివాడికీ, అతిగా నిద్రపోయేవాడికీ, అసలు నిద్రపోనివాడికీ యోగం కుదరదంటాడు. ఒక్కళ్ళే ఉండేవాళ్ళు ఈ నాలుగింటిలో ముందు పడేది "తినకపోవడం"లోనే.

- తిండి. "ఒక్కదానికి పొయ్యి వెలిగించడం ఎందుకులే" అనే మాట దగ్గర మొదలవుతుంది. రాత్రికి పెరుగన్నం, ఆవకాయ. రోజూ అదే అయితే ఉప్పు ఎక్కువ, మాంసకృత్తులు తక్కువ. వయసుతో కండ ఎలాగూ తగ్గుతుంది, ఇలా తింటే ఇంకా తగ్గి కాళ్ళు తేలిపోతాయి. పప్పు, పెసలు, మజ్జిగ, తినేవాళ్ళయితే గుడ్డు రోజూ ఉండాలి. పెద్దవాళ్ళకి దాహం సరిగ్గా తెలీదు, కాబట్టి దాహంతో పనిలేకుండా టైమ్‌కి నీళ్ళు తాగాలి.
- ఉపవాసం. షుగర్ మాత్రలు లేదా ఇన్సులిన్ వాడేవాళ్ళు ఏకాదశికీ, కార్తీక సోమవారానికీ డాక్టర్‌ని అడగకుండా పస్తు ఉంటే షుగర్ పడిపోవచ్చు. ఇంట్లో ఇంకో మనిషి లేనప్పుడు అది ప్రాణం మీదకి వస్తుంది. వృద్ధులకీ రోగులకీ శాస్త్రమే సడలింపు ఇచ్చింది. ఆ మాట మనం చెప్తే వినకపోవచ్చు, వాళ్ళ గురువుగారితోనో పూజారిగారితోనో చెప్పించండి.
- నడక. 65 దాటినవాళ్ళు వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ ఉండే పని చేయాలని, మూడు రోజులైనా పడిపోకుండా నిలబడే బ్యాలెన్స్ ఎక్సర్‌సైజులు చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. గుడి చుట్టూ ప్రదక్షిణ మంచి నడకే.
- బాత్‌రూమ్. తడి నేల, లోపలి గడియ, రాత్రి చీకటి. ఒక్కళ్ళే ఉన్నప్పుడు తుంటి ఎముక విరిగితే చాలామంది మళ్ళీ మునుపటిలా నడవలేరు. గోడకి పట్టుకునే రాడ్డు, కింద జారని మ్యాట్, రాత్రంతా వెలిగే చిన్న బల్బు పెట్టించండి. లోపల గడియ వేసుకోవద్దని చెప్పండి. ఒక తాళం చెవి పక్కింట్లో ఉండాలి.
- దీపం. కొంగు దోపుకున్నాకే దీపం వెలిగించాలి. పడుకునే ముందు దీపం కొండెక్కిందో లేదో చూసుకోవాలి.
- చెవులు, కళ్ళు. చెవులు సరిగ్గా వినపడకపోతే మనిషి మాట్లాడటం తగ్గించేస్తాడు. "నాన్న ఈ మధ్య ఎవరితో కలవట్లేదు" అంటే ముందు చెవి పరీక్ష చేయించండి. మతిమరుపు జబ్బుకి వినికిడి లోపం ఒక కారణమని, దాన్ని సరిచేసుకోవచ్చని డాక్టర్లు చెప్తున్నారు.
- డబ్బు. "డిజిటల్ అరెస్ట్" అనేది చట్టంలో లేనే లేదు, అది మోసం అని ముందే చెప్పి ఉంచండి. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి. పెద్దవాళ్ళ కోసం ఎల్డర్ లైన్ నంబర్ 14567. 70 దాటినవాళ్ళందరికీ ఆదాయంతో పని లేకుండా ఆయుష్మాన్ భారత్ కార్డు 2024 నుంచి ఇస్తున్నారు, ఏడాదికి కుటుంబానికి 5 లక్షల దాకా ఆసుపత్రి ఖర్చు వస్తుంది. ఆ కార్డు తీయించడం మన పని.

మరి మన వంతు?

ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. "కుంతి తనే వెళ్ళింది కదా, మా అమ్మ కూడా తనే ఉంటానంది" అని చేతులు దులుపుకోవడానికి ఈ కథ పనికిరాదు. పాండవులు ఏం చేశారో చూడండి. తల్లిని చూడకుండా ఉండలేక పరివారంతో సహా అడవికి వెళ్ళారు. కుంతి కనపడగానే సహదేవుడు ఏడుస్తూ పరుగెత్తి ఆవిడ కాళ్ళ మీద పడ్డాడు. నెల రోజులకి పైగా అక్కడే ఉన్నారు. రాజ్యం ఏలుతున్నవాళ్ళకి లీవ్ దొరికింది!

మనం రోజూ ఫోన్ చేస్తాం. ఏం అడుగుతాం? "తిన్నావా? మాత్ర వేసుకున్నావా? సరే ఉంటాను." నా ఫీల్డ్ భాషలో దీన్ని పింగ్ అంటారు. సర్వర్ బతికే ఉందా లేదా అని చూడటం. పింగ్ అవసరమే. కానీ పింగ్ తప్ప ఒక్క పని కూడా రాని సర్వర్‌ని కొన్నాళ్ళకి ఏం చేస్తారో మాకు తెలుసు. ఆఫ్ చేసేస్తారు. పెద్దవాళ్ళకి మన ఫోన్ అలాగే వినిపిస్తుంది. వారంలో ఒక్క కాల్ అయినా వాళ్ళ దగ్గర ఏదైనా తీసుకోవడానికి చేయండి. గోంగూర పచ్చడి ఎలా చేయాలి, ఈ పెళ్ళికి ఏం పెట్టాలి, ఆఫీసులో ఈ గొడవకి ఏం చేయమంటావు. నిజంగా అడగండి, చెప్పింది చేయండి.

ఇంకో మాట కొంచెం కష్టంగా ఉంటుంది. మన దేశంలో ముసలితనంలో ఒక్కళ్ళే ఉండేవాళ్ళలో మగవాళ్ళ కంటే ఆడవాళ్ళే ఎక్కువ. వాళ్ళలో చాలామంది భర్త పోయినవాళ్ళు. మనం వాళ్ళకి "హ్యాపీగా ఉండమ్మా" అని చెప్తాం. శ్రావణమాసంలో పేరంటానికి మాత్రం పిలవం. శుభకార్యంలో వెనక నిలబెడతాం. ఎదురొస్తే అపశకునం అంటాం. ఒక మనిషి ఇచ్చే దారాలన్నీ మనమే తెంపేసి ఒంటరితనానికి మందు వెతుకుతున్నాం. ధృతరాష్ట్రుడు, గాంధారి ఏ భుజాన్ని పట్టుకుని నడిచారో గుర్తుచేసుకోండి. కుంతి అప్పటికి భర్త పోయిన మనిషే. భారతం ఆవిణ్ణి అందరికంటే ముందు నడిపించింది. వచ్చే శ్రావణ శుక్రవారం మన ఇంట్లో మొదటి తాంబూలం ఆవిడకిస్తే ఏ దేవతా కోప్పడదు.

చట్టం కూడా ఒకటుంది. 2007లో వచ్చిన తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం. 60 దాటినవాళ్ళు తమని తాము పోషించుకోలేకపోతే పిల్లల నుంచి పోషణ కోరవచ్చు. చూసుకుంటామనే షరతు మీద ఇల్లు రాయించుకుని చూడకపోతే ఆ రాతని రద్దు చేయమని అడగవచ్చు. అయినా పెద్దవాళ్ళకి నేను చెప్పేది, ఉన్నన్నాళ్ళు ఇల్లు మీ పేరు మీదే ఉంచుకోండి. సొంత గడప ఉన్న మనిషి అతిథిగా బతకక్కర్లేదు.

మంటల మాట

ఆశ్రమవాసిక పర్వం సుఖాంతం కాదు. పాండవులు తిరిగొచ్చిన రెండేళ్ళకి నారదుడు వార్త తెస్తాడు. అడవిలో దావానలం లేచింది. తపస్సుతో చిక్కిపోయిన ధృతరాష్ట్రుడు, గాంధారి, కుంతి పారిపోలేదు. సంజయుణ్ణి వెళ్ళిపొమ్మని చెప్పి, అక్కడే కూర్చుని ఆ మంటల్లో కలిసిపోయారు. ధర్మరాజు గుండెలు బాదుకుంటాడు. మేం బతికుండగా మా అమ్మ ఇలా పోవడమా అని.

ఆవిడ ఇష్టాన్ని గౌరవించినందుకు ఏ బాధా ఉండదని భారతం మనకి మాటివ్వలేదు. ఒక్కళ్ళే ఉండే అమ్మకి మనం లేనప్పుడు ఏదైనా జరగొచ్చు. దగ్గర ఉన్నా జరగొచ్చు. రిస్క్ మొత్తం తీసేయాలంటే ఆవిడ జీవితం మొత్తం తీసుకోవాల్సి వస్తుంది. మనకి భయం లేకుండా ఉండటం కోసం ఆవిణ్ణి ఇంట్లో దాచిపెడితే, అది మన మనశ్శాంతి కోసం చేసిన పని, ఆవిడ కోసం చేసింది కాదు.

అయితే దీనికీ హద్దు ఉంది. స్టవ్ ఆపడం మర్చిపోతున్నా, దారి తప్పుతున్నా, ఏడాదిలో రెండు మూడుసార్లు పడిపోయినా, తిండి మానేస్తున్నా, అప్పుడు "ఆవిడ ఇష్టం" అని ఊరుకోవడం ధర్మం కాదు. నిర్ణయం తీసుకునే శక్తి ఉన్నంతకాలం ఆ నిర్ణయాన్ని కాపాడాలి. ఆ శక్తి తగ్గాక ఆ మనిషిని కాపాడాలి. ఏది ఎప్పుడు అనేది దూరం నుంచి ఫోన్‌లో తెలీదు. అందుకే వెళ్ళి నాలుగు రోజులు ఉండాలి, పండక్కి ఫోటోల కోసం కాకుండా.

ఇది మన గురించి కూడా

ఏకాంతం డెబ్భై ఏళ్ళకి హఠాత్తుగా రాదు. మన సంగతి చూడండి, లిఫ్ట్‌లో ముప్పై సెకన్లు కూడా ఫోన్ తీయకుండా నిలబడలేం. తనకి తనే స్నేహితుడు, తనకి తనే శత్రువు అని గీతలో చెప్పింది మనకి ఇప్పుడే వర్తిస్తుంది. రోజుకి పది నిమిషాలు ఏమీ చూడకుండా కూర్చోవడం, వారానికి ఒకసారి డబ్బు రాని పని ఒకటి ఎవరికోసమైనా చేయడం, ఈ రెండూ ఇప్పటినుంచీ అలవాటు చేసుకుంటే మన ముసలితనానికి పెట్టుబడి.

ఇక మొదటి ప్రశ్నకి వద్దాం. అమ్మ ఒక్కతే ఉండటం అధర్మమా? ఎక్కడ ఉంది అనేదానితో ధర్మం తేలదు. ఎక్కడున్నా ఆ రోజు ఆవిడ చేతి నుంచి ఎవరికైనా ఏదైనా అందిందా, ఆవిడ ఇవ్వలేని రోజున ఎవరైనా తలుపు తట్టారా, ఆ తట్టేవాళ్ళలో మనం ఉన్నామా, వీటితో తేలుతుంది.

ఈ ఆదివారం ఇంటికి ఫోన్ చేసి, ఒక సహాయం అడగండి.

శ్రీకృష్ణార్పణమస్తు.